పేరులో ఒక మాట తేడా

(బాసరలో విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గోదావరి ఒడ్డున ఉన్న ఈ ఊరు అక్షరాభ్యాసానికి పేరుగాంచినది. ఎక్కడెక్కడి నుంచో తల్లిదండ్రులు పిల్లలను ఇక్కడికి తీసుకువచ్చి మొదటి అక్షరం దిద్దిస్తారు. 2008లో ఇదే ఊళ్లో ట్రిపుల్ ఐటీ ఏర్పడింది. సర్కారు బడిలో పదో తరగతి చదివిన పల్లె పిల్లలు ఆరేళ్లు ఇక్కడే ఉండి ఇంజినీర్లుగా బయటికి వెళ్తున్నారు. బీసీ-ఇ రిజర్వేషను పొందిన మన పిల్లలూ వారిలో ఉన్నారు. మన పేరును యంత్రం ఎలా చదువుతుంది, తప్పుగా చదివితే మన ఇంట్లో ఏం జరుగుతుంది అన్నది ఈ రోజు మా విషయం. అక్షరం దిద్దించే ఊరు, యంత్రాలకు చదువు నేర్పే పిల్లలున్న ఊరు ఇది. ఈ మాట ఇక్కడే చెప్పాలని అనుకున్నాము.

పత్రికల్లో సాంకేతిక, వ్యాపార, సినిమా వార్తలు మనమందరం చదువుతాము. 2024 సెప్టెంబరు 5, 6 తేదీల్లో హైదరాబాదులో కృత్రిమ మేధపై ప్రపంచ సదస్సు జరిగింది. 200 ఎకరాల్లో అందుకోసమే ఒక నగరం కడతామని ప్రభుత్వం ప్రకటించింది. ఏడాది తరువాత మరొక వార్త వచ్చింది. నటుడు చిరంజీవి తన పేరును, ముఖాన్ని, గొంతును అనుమతి లేకుండా కృత్రిమ మేధతోనో మరోవిధంగానో వాడుకోరాదని కోరుతూ హైదరాబాదు సిటీ సివిల్ కోర్టుకు వెళ్లారు. 2025 సెప్టెంబరులో ఆయనకు అనుకూలంగా మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. అదే నెలలో నాగార్జునకు ఢిల్లీ హైకోర్టు అటువంటి రక్షణే ఇచ్చింది. ఇది మంచి పరిణామమే. మనిషి పేరు, ముఖం అతని సొంతమని, వాటిని యంత్రం చేతికి వదిలిపెట్టకూడదని న్యాయస్థానాలు గుర్తించాయి. వారికి దొరికిన రక్షణను మేము తప్పుపట్టడం లేదు. అదే హైదరాబాదులో రిక్షా తొక్కిన ఒక మనిషి పేరు సంగతి ఏమైందో మాత్రం మీకు చెప్పాలి. ఆ వార్త సాంకేతిక పేజీలోనూ రాలేదు, సినిమా పేజీలోనూ రాలేదు.

ఆయన పేరు మేము చెప్పము. అది ‘సయ్యద్’ అనే మాటతో మొదలయ్యే రెండు మాటల పేరు. ఆయన మరణించారు. ఆయన భార్య వృద్ధురాలు. ఇంట్లో కారు ఉందన్న కారణంతో ఆ కుటుంబానికి రేషను కార్డు దక్కలేదు. రిక్షా తొక్కినవారి ఇంట్లో కారేమిటి? ఆ కారు మరొకరిది. ఆ యజమాని పేరు కూడా సయ్యద్‌తోనే మొదలవుతుంది, చివరి మాట కూడా అదే. నడుమ ఒక మాట ఎక్కువ ఉంది, అంతే. యంత్రం ఇద్దరినీ ఒకే మనిషిగా లెక్కగట్టింది. తమకు కారు లేదని నిరూపించుకునే భారం ఆ వృద్ధురాలి మీద పడింది. ఉన్నదానికి కాగితం చూపవచ్చు. లేనిదానికి ఏ కాగితం చూపాలి? ఆమె హైకోర్టు వరకు వెళ్లవలసి వచ్చింది.

ఈ పని చేసిన వ్యవస్థ పేరు సమగ్ర వేదిక. తెలంగాణ ప్రభుత్వం దీన్ని తయారు చేయించింది. పేర్లను పోల్చే సాఫ్ట్‌వేర్ హైదరాబాదులోని పోసిడెక్స్ అనే ప్రైవేటు కంపెనీది. వాహనాల రిజిస్ట్రేషను, కరెంటు కనెక్షను, ఆస్తి పన్ను వంటి వేర్వేరు శాఖల జాబితాలను ఇది కలిపి చూసి, ఈ జాబితాలోని మనిషి, ఆ జాబితాలోని మనిషి ఒక్కరేనా అని నిర్ణయిస్తుంది. 2018-19 కేంద్ర ఆర్థిక సర్వే దీన్ని దేశానికి ఆదర్శంగా చూపింది. సుమారు 25 ప్రభుత్వ జాబితాలను కలిపారని, కలపడానికి వాడిన ఆధారం మనిషి పేరు, చిరునామా అని ఆ సర్వే రాసింది. ఒక్కొక్క మనిషి గురించి ఏడు రకాల సమాచారం కలిపారట. అందులో చదువు, పన్నులు, ఆస్తులు, రాయితీలతో పాటు నేరాలు కూడా ఉన్నాయి. ఆ పైన భార్యాభర్తలు, తోబుట్టువులు, తల్లిదండ్రులు, తెలిసినవారు అందరినీ ఆ మనిషికి ముడివేశారు.

పేరు, చిరునామా! ఈ రెండు మాటల దగ్గర మనం కొంచెంసేపు ఆగాలి.

మన పొరుగున ఉండే హిందూ కుటుంబానికి ఇంటిపేరు ఉంటుంది. ఊళ్లో పది మంది శ్రీనివాసులున్నా, పది ఇంటిపేర్లు వారిని విడదీస్తాయి. మనలో చాలామందికి అటువంటి ఇంటిపేరు లేదు. షేక్, సయ్యద్, మొహమ్మద్, పఠాన్ అనే నాలుగైదు మాటలు లక్షల మందికి ముందు నిలుస్తాయి. ఆ తరువాత వచ్చే మాటలు కూడా అలీ, అహ్మద్, ఖాజా, హుస్సేన్, రహీం వంటి కొన్నే. స్త్రీల విషయంలో ఇంకా చిక్కు. పెళ్లికి ముందు బేగం, పెళ్లి తరువాత బీ, బడి రిజిస్టరులో సుల్తానా, ఇంట్లో పిలుపు ముద్దుపేరు. ఒక ఆపాకు మూడు కాగితాల్లో మూడు పేర్లు ఉండడం మనకు వింతగా కూడా అనిపించదు.

ఇక లిపి సంగతి. మన పేరు ఉర్దూలో పుడుతుంది. బడిలో పంతులుగారు దాన్ని తెలుగులో రాస్తారు. మండల కార్యాలయంలో ఆపరేటరు దాన్ని ఇంగ్లీషులో కొడతాడు. మొహమ్మద్ అన్న ఒక్క మాట ఒకచోట పూర్తిగా, ఒకచోట ఎం.డి. అని రెండు అక్షరాలుగా, ఒకచోట మహమూద్‌గా, మరొకచోట మహ్మద్‌గా కనిపిస్తుంది. రోడ్డు రవాణా కార్యాలయంలో షేక్ చివరకు వెళ్తుంది, ఆధారులో ముందుకు వస్తుంది. ఇతరులను అనే ముందు మా ఇంటి సంగతి చెప్పుకోవాలి. మా పత్రిక చందాదారుల జాబితాను సరిచూసుకున్నప్పుడు, ఒకే పెద్దమనిషిని మేమే నాలుగు రకాలుగా రాసుకున్నామని తేలింది. నాలుగు సంచికలు పంపామో లేక ఒక్కటీ పంపలేదో అని కంగారుపడ్డాము. మా పొరపాటుకు ఒక పుస్తకం నష్టం. ప్రభుత్వం చేసిన అదే పొరపాటుకు ఒక ఇంటి బియ్యం నష్టం.

పుట్టిన తేదీ ఉంది కదా, దానితో విడదీయవచ్చు కదా అని విద్యార్థులు అడగవచ్చు. మీ ఇంట్లో పెద్దవాళ్ల ఆధారు కార్డులు తీసి చూడండి. పుట్టిన తేదీ తెలియనివారికి, వయసు మాత్రమే చెప్పినవారికి జనవరి 1 అని పడి ఉంటుంది. 1960 జనవరి 1న పుట్టిన షేక్ అహ్మద్‌లు ఈ జిల్లాలో ఎందరుంటారో ఊహించండి. చిరునామా అంటారా? అద్దె ఇంట్లో ఉండేవారికి, ఇంటి నంబరుకు బదులు ‘మసీదు దగ్గర’ అని రాయించుకున్నవారికి చిరునామా ఏపాటి ఆధారం? పేరుతో, చిరునామాతో మనిషిని గుర్తించే యంత్రం అందరి విషయంలోనూ పొరబడుతుంది. మన వంటి పేర్లున్న చోట మరింత పొరబడే అవకాశం ఉంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండనక్కరలేదు. మన పేర్లు ఎలా ఉంటాయో తెలియనివారు కూర్చుని ఆ లెక్క రాస్తే చాలు.

ఈ ప్రాంతపు తల్లులకు ఈ మాట కొత్త కాదు. నిజామాబాదు నుంచి నిర్మల్, జగిత్యాల వరకు వేలాది ఇళ్లు బీడీలు చుట్టి బతికాయి. బీడీ కార్మికుల పింఛను నెలకు 2,016 రూపాయలు కావాలంటే పి.ఎఫ్. నంబరు ఉండాలి. కార్ఖానాలో చేరిననాడు మేస్త్రీ రాసుకున్న పేరు ఒకటి, ఆధారులో పేరు మరొకటి అయిన ఆడవాళ్లు ఎన్ని మెట్లు ఎక్కి దిగారో మీలో చాలామందికి స్వయంగా తెలుసు. గల్ఫ్‌కు వెళ్లేవారి మాట కూడా అంతే. 2022 నవంబరులో, పాస్‌పోర్టులో ఒకే మాట పేరుగా ఉన్నవారిని సందర్శక వీసాపై రానివ్వబోమని యు.ఏ.ఇ. చెప్పింది. మనిషి అన్నవాడికి మొదటి పేరు, చివరి పేరు అని రెండు ఉండి తీరాలని యంత్రం అనుకుంటుంది. మన తాతలకు ఆ సంగతి తెలియదు.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. అల్ జజీరా 2024 జనవరిలో ప్రచురించిన పరిశోధన కథనం ప్రకారం, 2014 నుంచి 2019 వరకు తెలంగాణలో 18 లక్షల 60 వేలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. 1,42,086 కొత్త దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యాయి. వారికి ముందుగా నోటీసు ఇవ్వలేదు. చౌక దుకాణానికి సంచి పట్టుకుని వెళ్లిననాడు డీలరు చెబితే తెలిసింది. హైదరాబాదుకు చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ దీనిపై న్యాయస్థానానికి వెళ్లారు. 2022 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు, రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో, అంటే మనిషిని ఇంటికి పంపి, మళ్లీ పరిశీలించాలని రాష్ట్రాన్ని ఆదేశించింది. ఆ తరువాత 4,91,899 దరఖాస్తులు వచ్చాయి. అదే కథనం ప్రకారం, 2022 జూలై నాటికి వాటిలో 2,05,734 పరిశీలించగా 15,471 దరఖాస్తుదారులు అర్హులేనని, వారిని పొరపాటున తొలగించారని తేలింది. వందకు ఏడున్నర.

వందకు ఏడున్నర తప్పు అంటే కంప్యూటరు పరీక్షలో తొంభై రెండున్నర మార్కులు. విద్యార్థులు మంచి మార్కులే అనుకుంటారు. ఆ ఏడున్నరలో ఉన్న ఇంటి నుంచి చూడండి. తెలంగాణలో మనిషికి నెలకు ఆరు కిలోల బియ్యం ఇస్తారు. 2016లో కార్డు పోయి 2022లో తిరిగి వచ్చిన నలుగురున్న ఇల్లు అనుకుందాం. నెలకు 24 కిలోల చొప్పున ఆరేళ్లలో 1,728 కిలోలు. పదిహేడు క్వింటాళ్లకు పైన. కార్డు తిరిగి ఇచ్చినా ఆ బియ్యం తిరిగి రాదు. ఆ ఆరేళ్లలో కరోనా కాలం కూడా ఉందని మరిచిపోకండి.

బోగస్ కార్డులు లేవా అని అధికారులు అడుగుతారు. ఉన్నాయి. చనిపోయినవారి పేర్లతో బియ్యం తీసుకున్నవారు ఉన్నారు, కార్లున్నా తెల్ల కార్డు ఉంచుకున్నవారు ఉన్నారు, మన సమాజంలోనూ ఉన్నారు. గ్రామంలో ఏడాదికి లక్షన్నర, పట్టణంలో రెండు లక్షల ఆదాయ పరిమితి ఎందుకు పెట్టారో మనకు తెలుసు. అనర్హుడు తీసుకునే ప్రతి గింజ అర్హుడిదే. కనుక యంత్రం వద్దని మేము అనడం లేదు. అనుమానం రావడానికి యంత్రాన్ని వాడుకోండి. తీర్పు చెప్పే ముందు మనిషిని పంపండి, ఇంటివారిని అడగండి. ఒక వార్త చేరినప్పుడు సరిచూసుకోవాలని, తెలియక ఎవరికో హాని చేసి తరువాత పశ్చాత్తాపపడే స్థితి తెచ్చుకోవద్దని హుజురాత్ సూరా మనకు నేర్పింది. యంత్రం తెచ్చినది కూడా ఒక వార్తే.

ఈ యంత్రం ఎలా లెక్క వేస్తుందో చూపమని సమాచార హక్కు కింద అడిగిన పాత్రికేయులకు, సాఫ్ట్‌వేరుపై కంపెనీకి హక్కులున్నాయన్న జవాబు వచ్చింది. ప్రజల సొమ్ముతో, ప్రజల సమాచారంతో, ప్రజల తిండి మీద తీర్పు చెప్పే లెక్క ఒక కంపెనీ రహస్యమట! తహసీల్దారును అడిగితే కంప్యూటరులో అలా వచ్చిందంటారు. కంప్యూటరును అడిగే దారి లేదు. మధ్యలో బాధ్యత వహించే మనిషే లేకుండా పోయాడు. మా మనసును అన్నిటికంటే ఎక్కువగా కలచిన సంగతి ఇదే.

ఇది మన రాష్ట్రంలోనే జరిగిందని కాదు. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణకు ఇచ్చే భత్యం విషయంలో పన్నుల శాఖ వేలాది కుటుంబాలను మోసగాళ్లుగా ముద్రవేసి, ఇచ్చిన సొమ్మంతా తిరిగి కట్టమంది. ఎవరిని అనుమానించాలో చెప్పే లెక్కలో పౌరసత్వాన్ని కూడా ఒక కొలమానం చేశారు. దానితో విదేశీ మూలాలున్న కుటుంబాలు ఎక్కువగా చిక్కుకున్నాయి, ఇళ్లు అమ్ముకున్నాయి. నిజం బయటపడ్డాక 2021 జనవరి 15న మార్క్ రుట్టె ప్రభుత్వం రాజీనామా చేసింది. అక్కడ ఒక ప్రభుత్వమే దిగిపోయింది. ఇక్కడ ఒక గుమాస్తాకు మెమో ఇచ్చిన వార్త కూడా మేము చూడలేదు.

బియ్యం దగ్గరే ఆగిపోతే కొంత ఊరట. 2018 డిసెంబరు 7న మన శాసనసభ ఎన్నికల్లో ఓటు వేయడానికి వెళ్లిన ఎందరికో జాబితాలో పేర్లు లేవు. క్రీడాకారిణి గుత్తా జ్వాల పేరు కూడా కనిపించలేదు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి రజత్ కుమార్ క్షమాపణ చెప్పారు. క్షమాపణతో ఆనాటి ఓటు రాదు. 2025లో బీహారు ముసాయిదా ఓటర్ల జాబితా నుంచి సుమారు 65 లక్షల పేర్లు పోయినప్పుడు, ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆ పేర్లను కారణాలతో సహా ప్రకటించమని ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది. కారణాలతో సహా అన్న మాటను గుర్తుంచుకోండి, మనం అడగవలసింది అదే.

ముఖం సంగతి కూడా ఒక్క మాట. 2021 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, ఇందాక చెప్పిన మసూద్ గారినే హైదరాబాదులో పోలీసులు దారిలో ఆపి, మాస్కు తీయమని ఫోటో తీసుకున్నారు. ఎందుకు తీశారు, ఏ చట్టం కింద తీశారు, ఎక్కడ దాచారు అని ఆయన నోటీసు పంపారు. జవాబు రాకపోవడంతో ముఖాన్ని గుర్తుపట్టే సాంకేతికతను సవాలు చేస్తూ హైకోర్టులో వ్యాజ్యం వేశారు. 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. సినీతారకు తన ముఖం మీద ఉన్న హక్కు దారిన పోయే మనిషికీ ఉందా అన్నదే ఆ వ్యాజ్యంలోని ప్రశ్న.

మనం ఏం చేయాలి? మొదటిది మన ఇంట్లోనే ఉంది. పిల్లవాడిని బడిలో చేర్చేనాడే పేరును ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడు లిపుల్లో ఒక కాగితం మీద రాసుకుని, ఆ తరువాత ప్రతి కాగితంలోనూ అదే రాయించండి. తల్లి పేరు విషయంలో ఇది మరింత అవసరం. ఎందుకంటే 2013 ఆహార భద్రత చట్టం పదమూడో సెక్షను ప్రకారం ఇంటి పెద్దగా కార్డు ఉండేది పద్దెనిమిదేళ్లు దాటిన పెద్ద స్త్రీ పేరు మీద. పేరు సరిచేయించడానికి పోయిన ఒక రోజు కూలీ వృథా అనుకోవద్దు.

రెండవది, కార్డు గానీ పింఛను గానీ పోతే నోటి మాటతో తిరిగి రావద్దు. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను 1(డి) ప్రకారం, తన నిర్ణయం వల్ల ప్రభావితులైనవారికి కారణాలు చెప్పడం ప్రభుత్వ కార్యాలయం బాధ్యత. ఏ జాబితాలో ఏ పేరుతో నా పేరు కలిసింది, ఆ వాహనం నంబరు ఎంత, పరిశీలనకు ఎవరు ఎప్పుడు వచ్చారు అని మూడు ప్రశ్నలు రాయండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో అయిదు రూపాయలు, ఆ పైన పది. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదని చట్టం చెబుతుంది. పేదవారని చూపే కార్డే పోయినవారు మాత్రం ఆ రుసుము కట్టుకోవాలి! ఆహార భద్రత చట్టం కింద జిల్లాలో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉంటారు, ఆయన వినకపోతే రాష్ట్ర ఆహార కమిషన్ ఉంది. ఈ మెట్లు వరుసగా ఎక్కి కాగితాలు దాచుకున్నవారి మాటే న్యాయస్థానంలో నిలుస్తుంది.

చివరిగా ఇక్కడ చదువుతున్న పిల్లలకు. మీలో కొందరు రేపు ఇటువంటి కంపెనీల్లోనే పనిచేస్తారు. పేర్లను పోల్చే లెక్క రాయమని మీకే ఇస్తారు. రెండు సయ్యద్‌లు ఒకరేనా అని యంత్రం తడబడే చోట, తెలియదు అని చెప్పే దారి కూడా దానికి పెట్టండి. తెలియదు అన్న చోట మనిషి వెళ్లి చూసేలా మీ అధికారులతో వాదించండి. మీ అమ్మీ పేరు ఎన్ని కాగితాల్లో ఎన్ని రకాలుగా ఉందో ఆ గదిలో తెలిసినవారు బహుశా మీరొక్కరే ఉంటారు.

జొహర్ నమాజు తరువాత మేము ఆ మూల బల్ల దగ్గర కూర్చుంటాము. రేషను కార్డు, ఆధారు, బీడీ పి.ఎఫ్. పుస్తకం, పాస్‌పోర్టు ఏది ఉంటే అది తెచ్చుకోండి. పేర్లు పక్కపక్కన పెట్టి చూద్దాం. తేడా ఉన్నవారికి దరఖాస్తు ఇక్కడే రాసి ఇస్తాము. తెల్లకాగితాలు మా దగ్గర ఉన్నాయి. రాయడానికి ట్రిపుల్ ఐటీ పిల్లలు కొందరు ఉండిపోతే ఈ సాయంత్రానికి చాలా ఇళ్ల పని పూర్తవుతుంది, ఇన్షా అల్లాహ్.